నా మాట విని రాసుకున్నవాళ్లకు కృతజ్ఞతలు

హనుమకొండలో నా కేసు నమోదు చేసిన మహిళా ఎస్సై గారికి, ఓపికగా నా ఫిర్యాదు రాసుకున్న హెడ్ కానిస్టేబుల్ అమ్మకు, నన్ను పట్టుబట్టి స్టేషన్‌కు తీసుకెళ్లిన మా మేనత్తకు చేతులెత్తి నమస్కారం. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కోర్టులో ఛార్జిషీటు పడింది, అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

హైదరాబాద్‌లో మా ఆఫీసు ఉన్న బిల్డింగులోనే పనిచేసే ఒకతను నెలల తరబడి నా వెంటపడ్డాడు. వద్దని ముఖం మీదే చెప్పాను, మెసేజ్ కూడా పెట్టాను. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి ఫోన్. బస్టాప్‌లో నిలబడేవాడు, చివరికి హాస్టల్ గేటు దాకా వచ్చాడు. హాస్టల్ వైపు స్టేషన్‌కు వెళ్తే ఆఫీసు పరిధిలో ఇవ్వమన్నారు. అక్కడికి వెళ్తే గేటు దగ్గర గొడవ జరిగింది కాబట్టి హాస్టల్ వైపే ఇవ్వాలన్నారు. సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో అమ్మకు ఒకటే టెన్షన్, నలుగురికీ తెలిస్తే సంబంధాలు ఎలా వస్తాయని. అత్త మాత్రం ఊరుకోలేదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఆ డాక్టరమ్మ కనబడకుండా పోయిన రాత్రి, పరిధి మాట చెప్పి ఇంటివాళ్లను ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారన్న సంగతి ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. "పరిధి సంగతి వాళ్లు చూసుకుంటరు, నువ్వు నడువు బిడ్డా" అంది. నాన్న ఏమీ మాట్లాడకుండా బండి తీశాడు. నాన్నా, నీకు కూడా థాంక్స్.

నేను ఇంటి దగ్గరే ఒక కాగితం రాసుకుని వెళ్లాను, "చాలా రోజులుగా వేధిస్తున్నాడు" అని. హెడ్ కానిస్టేబుల్ అమ్మ అది చదివి పక్కన పెట్టింది. "ఇట్ల రాస్తే కోర్టుకు ఏమర్థమైతది? వద్దని నువ్వు ఎప్పుడు చెప్పినవ్, ఆ తర్వాత ఆయన ఏం చేసిండు, అది చెప్పు" అంది. ఫోన్ ముందు పెట్టుకుని మెసేజ్‌లు, మిస్డ్ కాల్స్ తేదీల వారీగా తీశాం. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా వెంటపడటం, పదేపదే మాట కలపాలని చూడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. అందుకే నేను వద్దన్న ఆ మెసేజ్‌కు అంత విలువ వచ్చింది. రాయడం అయ్యాక మొత్తం పైకి చదివి వినిపించింది. ఒకచోట "ప్రేమ పేరుతో" అని పడింది. అలాంటిదేమీ లేదన్నాను. వెంటనే కొట్టేసి, పక్కన నాతో సంతకం పెట్టించింది. ఎందుకు పరిచయం పెంచుకున్నావు, అంత పొద్దుపోయేదాకా బయటెందుకున్నావు అని ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ తల్లికి ఎన్నిసార్లు చెప్పినా తీరదు.

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేసి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు వాళ్లే పంపుతారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే ఈ మాట ఉంది. ఇలాంటి కేసుల్లో ఆడవాళ్ల ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, నాకు అక్కడికక్కడే ఇచ్చారు. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, కాకపోతే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఇంత స్పష్టంగా ఉన్నా మనిషిని తిప్పి పంపడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. భయపడి వచ్చినదాన్ని రెండోసారి తిప్పి పంపితే మూడోసారి ఎంతమంది వస్తారు? స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు.

ఎస్సై గారు ఏదీ దాచలేదు. మొదటిసారి నేరమైతే ఇది బెయిల్ వచ్చే సెక్షనేనని ముందే చెప్పారు. మళ్లీ కనబడితే ఆలోచించకుండా 112కు ఫోన్ చేయమన్నారు. కేసు హైదరాబాద్ వెళ్లాక అక్కడ అతన్ని నోటీసు ఇచ్చి పిలిపించారు. ఫోన్లు అప్పుడే ఆగిపోయాయి.

హాస్టల్ వార్డెన్ అక్కను మరవకూడదు. సీసీ కెమెరా రికార్డింగు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుందని, నేను అడగకముందే గేటు దగ్గరి ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి దాచింది. రూమ్మేట్స్ ఇద్దరూ సాక్ష్యం చెప్పారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి వచ్చిన లాయరు గారు కోర్టులో ఏం జరుగుతుందో విడమరిచి చెప్పారు, పైసా తీసుకోలేదు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ ఆ సాయం ఉచితమని, 15100కు ఫోన్ చేస్తే చాలని నాకు అప్పుడే తెలిసింది.

ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కోపంలో మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. ఎవరికి చెప్పాలో తోచకపోతే 181 మహిళా హెల్ప్‌లైన్‌కు చేయండి. ఒంటరిగా స్టేషన్‌కు వెళ్లాలంటే భయమేస్తే నాకు మెసేజ్ పెట్టండి. హైదరాబాద్‌లో అయితే నేను తోడు వస్తాను, హనుమకొండలో అయితే మా అత్త వస్తానంది.