మా జేజి గుండు

కడప

రేయ్ గొడుగూ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో అడగొద్దు. తిట్లన్నీ కలిసినప్పుడు తిట్టుకో. ఇంట్లో అందరూ బాగున్నారు, చెల్లికి సంబంధం ఇంకా కుదరలేదు, ఎండలు అప్పుడే మొదలయ్యాయి. అసలు సంగతి విను. మా జేజి గుండు కొట్టించుకుంది. తిరుపతిలో కాదురా, విజయవాడ గుణదల మేరీమాత దగ్గర!

శనివారం ఒక్కపొద్దు తప్పని మనిషికి ఇదేం బుద్ధి అంటావా? తమ్ముడికి కామెర్లు ముదిరినప్పుడు, పక్క మంచం పిల్లోడి తల్లి చెబితే ఆసుపత్రిలోనే మొక్కేసుకుందంట. ఎవరికీ చెప్పలేదు. ఫిబ్రవరి రాగానే టికెట్ తీయమని కూర్చుంది. నాన్న ఏదో అనబోతే, "ఉగాదికి సాయిబులు దేవుని కడప వెంకన్న గుడికి వచ్చి దండం పెట్టుకుంటే లేని తప్పు నేను పోతే వచ్చిందా?" అంది. దానికి జవాబేముంది చెప్పు!

తిరునాళ్ల 9 నుంచి 11 దాకా. కొండ కింద గుండ్లు, టెంకాయలు, కొవ్వొత్తులు, పిల్లల ఏడుపులు. గుండు మీద కొంగు కప్పుకుని మెట్లెక్కుతూ, గసపోస్తూనే, "ఈయమ్మ పుట్టిల్లు ఈడేనా?" అని మొదలుపెట్టింది. ఆర్లాటి అనే ఇటలీ ఫాదర్ 1924లో ఇక్కడ విగ్రహం పెట్టాడనీ, అంతకుముందు 1858లో, ఇదే ఫిబ్రవరి 11న, ఫ్రాన్సులోని లూర్దులో కట్టెలేరుకోను పోయిన బెర్నదెత్ అనే పిల్లకు ఈయమ్మ కనిపించిందంటారనీ చెప్పా. జేజి మెట్టు మీదే కూలబడింది.

"కట్టెలకు పోయిన పిల్లకా? దొరసానికి కాదా?"

"కాదు జేజీ, పేదింటి పిల్ల. ఉబ్బసం కూడా."

"అట్లయితే మన మనిషే" అని లేచింది చూడు, ఇక నేను అందుకోలేకపోయా.

గుహ ముందు నిలబడి పక్కింటామెతో మాట్లాడినట్టు, "మేరమ్మా, పిల్లోడు బాగుండాడు. జుట్టు ఇచ్చేసినా. నా మోకాలు కూడా రవ్వంత చూడు, మళ్లీ మొక్కుకుందామంటే వెంట్రుకల్లేవు" అంది. వెనక లైన్లో ఒకటే నవ్వులు. నాకూ నవ్వొచ్చింది, అంతలోనే ఆ ఆసుపత్రి వరండా, ఆ రాత్రుళ్లు... సరే, వదిలెయ్.

వీధిలో అందరూ తిరుపతి ప్రసాదం అడుగుతున్నారు. గుణదల అంటే నమ్మరు! నీ సంగతి కూడా మేరమ్మ చెవిన వేసిందేమోనని నా అనుమానం. అడిగితే ముసిముసిగా నవ్వుతోంది. దిగేటప్పుడు ఇంకోటి జరిగింది, అది రాయాలంటే... అదిగో, ఆటో వచ్చేసింది. జేజి మోకాలు డాక్టరుకు చూపించాలి. అరుస్తోంది, ఉంటా.