సహజంగా ఉన్నదేనంటే సరిపోదు, నీటిలోకి ఎలా వచ్చిందో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

బోరు నీటిలో ఆర్సెనిక్, ఫ్లోరైడ్, యురేనియం వంటివి బయటపడినప్పుడల్లా అధికారుల నుంచి దాదాపు ఒకే వివరణ వస్తుంది: అది భూగర్భంలో సహజంగా ఉన్నదే. పత్రికలు ఆ మాటను ఉన్నదున్నట్టు అచ్చు వేస్తాయి, వార్త అక్కడితో ముగుస్తుంది. ఆ మాట అబద్ధమని నేను అనను. అయితే విచారణ మొదలు కావలసిన చోట దానితో ముగింపు పలకడం అన్యాయం. రాతిలో ఉన్న విషం తాగే నీటిలోకి రావాలంటే మధ్యలో ఏదో జరగాలి. చాలాసార్లు దానికి మనుషుల పనులే కారణం.

ఒక మూలకం వల్ల ఎంత ప్రమాదమన్నది అది ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. బేరియం సంగతే చూడండి. జీర్ణాశయానికి ఎక్స్‌రే తీసే ముందు రోగి చేత తెల్లని చిక్కటి ద్రవం తాగిస్తారు. అందులో ఉండేది బేరియం సల్ఫేట్. అది నీటిలోనూ కరగదు, కడుపులోని ఆమ్లంలోనూ కరగదు, కాబట్టి ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. బేరియం కార్బొనేట్ అలా కాదు. కడుపులోని ఆమ్లం తగలగానే కరిగి ప్రాణం మీదికి తెస్తుంది. దాన్ని ఎలుకల మందుగా వాడారు. రెండింటిలోనూ ఉన్నది ఒకే బేరియం. అందుచేత ఫలానా నేలలో ఫలానా లోహం ఇంత ఉందన్న లెక్క ఒక్కటే చెబితే జనానికి లేనిపోని భయమైనా పట్టుకుంటుంది, లేనిపోని ధీమా అయినా కలుగుతుంది.

ఇక గనుల విషయం. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం గాలి సోకని లోతులో లక్షల ఏళ్లు కదలకుండా ఉంటుంది. ఆ రాతిని తవ్వి, పిండి చేసి, ఆరుబయట గుట్టలు పోసినప్పుడు గాలి, వాన తగిలి గంధకామ్లం పుడుతుంది. కరిగిన ఇనుము ఆక్సీకరణ చెంది, మిగిలిన పైరైట్‌ను మరింత వేగంగా కరిగిస్తుంది. ఆమ్లంలోనే బతికే బ్యాక్టీరియా ఈ చర్యను అనేక రెట్లు పెంచుతుంది. ప్రకృతిలో రాళ్లు మెల్లగా శిథిలమయ్యే క్రమమే ఇది, కాకపోతే యుగాల పని ఏళ్లలో జరిగిపోతుంది. ఆ ఆమ్లం దారిలో తగిలిన కాడ్మియం, రాగి, జింక్, ఆర్సెనిక్‌లను తనతో మోసుకుపోతుంది. కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ గనిలో నీటి పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత, అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) సున్నాకు దిగువన, మైనస్ 3.6 దాకా ఉన్నట్టు శాస్త్రజ్ఞులు కొలిచారు. అక్కడ తవ్వకాలు 1963లోనే ఆగిపోయాయి. ఆ నీటిని సున్నంతో శుద్ధి చేసే పని మాత్రం ఆ తర్వాత దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. అక్కడి పైరైట్ సహజమైనదే, దానికి గాలి తగిలేలా చేసింది మాత్రం తవ్వకం.

తవ్వకపోయినా ఇది జరుగుతుంది. భూగర్భ జలాన్ని అతిగా తోడి నీటిమట్టం దించితే, అంతవరకు నీటిలో మునిగి ఉన్న ఇలాంటి పొరలకు గాలి తగులుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో కొన్ని బావుల నీటిలోకి ఆర్సెనిక్ అలాగే వచ్చింది. పొలాల్లో వేసిన ఎరువుల నుంచి ఇంకిన నైట్రేట్ రాతిలోని యురేనియాన్ని కరిగే రూపంలోకి మార్చగలదు.

బంగ్లాదేశ్‌లో కథ ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆక్సిజన్ లేకపోవడమే అక్కడి సమస్య. హిమాలయాల నుంచి నదులు తెచ్చిన ఒండ్రులో ఇనుప ఆక్సైడ్ల పూతకు ఆర్సెనిక్ అంటుకొని ఉంటుంది. భూమిలోని సేంద్రియ పదార్థాన్ని తినే సూక్ష్మజీవులు, ఆక్సిజన్ అందని చోట ఆ ఇనుమును వాడుకుంటాయి. ఇనుము కరిగిపోతుంది, పట్టు తప్పిన ఆర్సెనిక్ నీటిలో చేరుతుంది. ఇక్కడ ప్రకృతి పాత్రే ప్రధానమని ఒప్పుకోవాలి. అయినా ఆ లోతులోని నీటిని కోట్ల మందికి తాగించినవి, చెరువు నీటిలోని రోగక్రిముల నుంచి కాపాడాలని మంచి ఉద్దేశంతోనే వేసిన గొట్టపు బావులు. బ్రిటిష్ జియొలాజికల్ సర్వే 1992లో అక్కడి కొన్ని బావుల నీటిని పరీక్షించింది కూడా. ఆర్సెనిక్ ఉందేమోనని మాత్రం చూడలేదు. దానిపై ఒక బాధితుడు వేసిన దావా అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి 2006లో వీగిపోయింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, వెతకని విషం నివేదికలో కనిపించదని ఇంతకన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. ఆర్సెనిక్‌కు రంగు, రుచి, వాసన ఉండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. పీహెచ్, కాఠిన్యం, కరిగిన లవణాల మొత్తం చూసి నీరు మంచిదనే నివేదిక ఆ పది మైక్రోగ్రాముల గురించి ఏమీ చెప్పినట్టు కాదు.

పరీక్ష చేసినా నమూనా తీసే తీరులోనే తప్పు జరగవచ్చు. ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీరు తోడినప్పుడు తేటగా ఉంటుంది. సీసాలో కొన్ని గంటలు ఉంచితే గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది, అడుగున మడ్డి చేరుతుంది. నీటిలోని ఆర్సెనిక్‌లో చాలా భాగం ఆ మడ్డికి అంటుకుంటుంది. పైనున్న తేట నీటిని మాత్రమే పరీక్షిస్తే అంకె తక్కువగా వస్తుంది. నమూనా తీసిన వెంటనే కాస్త నైట్రిక్ ఆమ్లం కలిపితే ఇనుము మడ్డి కట్టదు. ఆ కాస్త జాగ్రత్త తీసుకోనందువల్ల ఒక ఊరి నీరు సురక్షితమన్న ముద్ర వేయించుకోవచ్చు. ఈ సంగతి తలచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

అందుకే ప్రభుత్వాలను కోరేది ఇది. నీటి నివేదికలో ఏయే మూలకాల కోసం వెతికారో, వేటి కోసం వెతకలేదో రాయాలి. బావి లోతు, నమూనా తీసిన తేదీ, దాన్ని భద్రపరచిన విధానం అందులోనే ఉండాలి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్షించాలి. గనికి అనుమతి ఇచ్చే ముందు, బయట పోయబోయే రాతిలో ఆమ్లం పుట్టించే ఖనిజం ఎంత, దాన్ని అణచే సున్నపు ఖనిజం ఎంత అన్నది తేల్చాలి. ఆ రాతిని నెలల తరబడి తడుపుతూ, ఆరబెడుతూ చేసే పరీక్ష ఫలితాలను చుట్టుపక్కల జనం చదువుకోగల భాషలో బహిరంగంగా పెట్టాలి. గని మూతపడ్డాక నీటిని శుద్ధి చేయడానికయ్యే డబ్బును తవ్వకం మొదలయ్యే నాటికే జమ చేయించాలి.

మీ పత్రికకూ ఒక మనవి. సహజ కాలుష్యమని ఎవరైనా ప్రకటించినప్పుడు, అది ఏ ఖనిజంలోంచి వచ్చింది, దాన్ని కదిలించింది ఏమిటి, ఆ నిర్ధారణకు ఆధారమైన పరీక్ష ఎక్కడ ఉంది అని మీ విలేకరులు అడగాలి. జవాబు రాకపోతే, రాలేదన్న విషయాన్నే వార్తలో వేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు