అర్ధరాత్రి మనసు చెదిరితే ఎవర్ని పిలవాలి?

సంపాదకులకు,

తిరుపతిలో గుండెనొప్పి అంటే 108 వస్తుంది. మనసు అదుపు తప్పితే మాత్రం ఇంటివాళ్లకు దిక్కు తోచదు. ఈ మధ్య మా వీధిలో ఒక కుర్రాడు రాత్రిపూట మేడెక్కి, పిట్టగోడ మీద కూర్చుని, ఎవరో తరుముతున్నారని అరవసాగాడు. పోలీసులు వచ్చి మర్యాదగానే మాట్లాడారు. కానీ ఖాకీ బట్టలు చూసేసరికి వాడి బెదురు ఇంకా పెరిగింది. చివరికి వాడి మేనత్తే దగ్గరికెళ్లి, మంచినీళ్ల చెంబు చేతికిచ్చి, చాలాసేపు నెమ్మదిగా మాట్లాడాకే కిందికి దిగాడు. ఆ పని తెలిసిన మనిషిని పంపే ఏర్పాటు ప్రభుత్వమే చేయాలి.

2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చాలా మంచి సేవ. అయితే ఫోన్ పట్టుకునే స్థితిలో లేనివాళ్ల దగ్గరికి ఎవరో ఒకరు రావాలి కదా! శిక్షణ పొందిన నర్సు, కౌన్సెలర్ ఉండే వాహనాన్ని 108, 112 అత్యవసర సేవలకు జోడించి రాత్రుళ్లు కూడా నడపాలి.

పైగా మనది యాత్రికుల ఊరు. బస్టాండు, రైల్వేస్టేషన్ దగ్గర తప్పిపోయినవాళ్లు, అయినవాళ్లు వదిలేసినవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక అనారోగ్యంతో తిరుగుతున్నవారిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యానికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. వెంట వైద్య సిబ్బంది లేకపోతే పాపం ఒక కానిస్టేబుల్ ఏం చేయగలడు?

నగరపాలక సంస్థ, పోలీసులు, రుయా ఆసుపత్రి వైద్యులు, టీటీడీ కలిసి కూర్చుని, వచ్చే బ్రహ్మోత్సవాలకు ముందే ఒక్క వాహనంతోనైనా దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తిరుపతి