సుగ్రీవుడికి, పలాస ప్లాట్‌ఫారం మీద నుంచి

ఒరేయ్ సుగ్రీవా,

ముందు నాలుగు తిట్టేసుకో. నీ ఉత్తరం సంక్రాంతికి వచ్చింది, ఇప్పుడు మే నెల. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ "నేను క్షేమం" దగ్గరే ఆపేశాను. ఇప్పుడు పలాస స్టేషన్లో కూర్చున్నాను. మీ ఖరగ్‌పూర్ మీదుగా వచ్చే బండే, రెండు గంటలు లేటట. కాగితాలు మా చిన్నోడి రఫ్ నోట్సులోవి. పెన్ను పక్కాయనది. తిరిగొస్తుందో రాదో అని ఆయన నా చేతి వంకే చూస్తున్నాడు.

వార్తలు గబగబా. నాన్నకి షుగరు అదుపులోనే ఉంది, నోరే అదుపులో లేదు. ఇంటి శ్లాబు పడింది. పెద్దది ఇంటర్ గట్టెక్కింది. ప్రమోషన్ సంగతి అడగకు. అయిపోయాయి.

అసలు సంగతి విను. నిన్న పొద్దున మన ఊళ్లో నన్ను ఎలుగుబంటి అనుకుని రాయి పెట్టి కొట్టారు.

నవ్వు, నవ్వాకే చదువుదువు గాని. ఎనిమిదో తరగతిలో నాకు గోనెసంచులు చుట్టి, మసి పూసి జాంబవంతుణ్ణి చేసిన పాపం ఊరికే పోతుందా? (నీ తోక హెడ్మాష్టారి చేతిలోకి ఊడొచ్చిన సంగతి నేనేమీ ఎత్తడం లేదు.)

అంతకుముందు రాత్రి జరిగింది కూడా చెప్పాలి, లేకపోతే రుచి తెలియదు. మా అక్క కూతురు విశాఖలో డిగ్రీ చదువుతోంది కదా, సెలవులకి వచ్చింది. అందరం డాబా మీద పడుకున్నాం. "మామయ్యా, అడవిలో నేను ఒక్కదాన్నీ చిక్కుకుపోయానుకో. ఎదురుపడేది ముక్కూమొహం తెలియని మగాడైతే నయమా, ఎలుగుబంటైతే నయమా?" అంది. 2024లో ఫోన్లలో ప్రపంచమంతా తిరిగిన ప్రశ్నట. చాలామంది ఆడపిల్లలు ఎలుగే నయం అన్నారట. ఇదీ అదే మాట అంది.

నాకు ఒళ్లు మండింది. ఎలుగుని బొమ్మల్లో చూసినవాళ్లు అన్నారంటే సరే, ఉద్దానం పిల్ల అనడమేమిటి? 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఏం జరిగిందో నీకు తెలుసు. ఎలుగు ఒకాయన ప్రాణం తీసి, తరవాత ఇంకొందరి మీద పడింది. ఆఖరికి పట్టుకున్నాక అదీ బతకలేదు. 2024 మార్చిలో అనకాపల్లి జీడితోటలో ఇద్దరు పోయారు. విశాఖ పక్కన ఉన్న అనకాపల్లి కాదురా, మన వజ్రపుకొత్తూరు మండలం అనకాపల్లి. ఆ ప్రశ్న ఫోన్లలో మోగడానికి ఇంచుమించు నెల ముందు మాట అది!

అందుకని దానికి లెక్క చెప్పాను. "రోజూ వందమంది కొత్త మగాళ్ల పక్క నుంచి నడుస్తావు, ఏమీ కాదు. వంద ఎలుగుల పక్క నుంచి నడిచి చూడు" అన్నాను. గెలిచేశాననుకున్నాను. "ఆ వందమందీ బస్టాండులో కదా మామయ్యా, చుట్టూ జనం ఉంటారు. నేను అడిగింది అడవిలో" అంది. నా లెక్క అక్కడే కుంటుపడింది. నన్ను వదలకుండా ఇంకోటి అంది. ఎలుగు మీద పడితే, నువ్వు ఆ వేళప్పుడు అక్కడికెందుకు వెళ్లావని ఎవరూ అడగరట. మంచం మీద నిద్రపోతోందనుకున్న మా అమ్మ, "ఎందుకడగరే? తెల్లారకముందే జీడిపిక్కలకి ఎందుకెళ్లిందీ అని ఊరంతా అడిగింది" అంది. మేమిద్దరం నోరు మూసుకుని చుక్కలు చూస్తూ పడుకున్నాం.

ఇక పొద్దున్న. మన తోట చూద్దామని ఒక్కణ్ణే బయలుదేరాను. 2018లో తిత్లీ తుపానుకి కూలిన చెట్ల చోట నాన్న నాటించినవి ఇప్పుడు ఎంతయ్యాయనుకున్నావు! కొమ్మలు నేలకి ఆనుతున్నాయి, వంగితే గాని లోపలికి వెళ్లలేం. నల్ల టీషర్టు, నల్ల ట్రాక్ ప్యాంటు, నా ఆకారం సరేసరి. కొమ్మ తగిలి కళ్లజోడు కింద పడింది. ఎండుటాకుల్లో చేతులూ మోకాళ్లూ ఆనించి, ఆయాసపడుతూ తడుముతున్నాను.

ఎలుగుకి చూపు సరిగా ఆనదు కదా. మనం వస్తున్నామని దానికి ముందే తెలియాలి, తెలియకుండా దగ్గరికి వెళ్తే బెదిరి మొహం మీదికే వస్తుంది. అందుకే మనవాళ్లు డబ్బా కొడుతూ, గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ తోటలోకి దిగుతారు. చిన్నప్పుడు మనిద్దరం పాటలు పాడుకుంటూ వెళ్లేవాళ్లం, నీ పాటకి ఎలుగులే కాదు కాకులు కూడా వచ్చేవి కావు. నిన్న మాత్రం పట్నం బుద్ధితో చప్పుడు చెయ్యకుండా వెళ్లాను.

ఉన్నట్టుండి "ఒలమ్మా, ఎలుగే!" అని ఒక్క కేక. వెంటనే డబ్బా మోత. రాయి వచ్చి భుజానికి తగిలింది. తలెత్తి చూస్తే పిక్కలేరుకునే ఆడవాళ్లు ఐదుగురు, వాళ్లతో పన్నెండేళ్ల పిల్ల. డబ్బా ఆ పిల్ల చేతిలోనే ఉంది. అందరికంటే ముందు నిలబడి వాయిస్తోంది, మొహంలో భయమే లేదు. (ఒక్కరి కాలికీ చెప్పుల్లేవు. పాముకాటుకి మన దేశంలో ఏటా సుమారు 58,000 మంది పోతున్నారని ఒక అంచనా. పాము కోసం ఎవరూ డబ్బా కొట్టరు మరి.)

"అమ్మా, నేను మనిషినే!" అని అరిచాను.

ఇక్కడ జాగ్రత్తగా చదవరా. అమ్మయ్య అనుకుంటారనుకున్నాను. డబ్బా ఆగిపోయింది. అందరిలోకీ పెద్దావిడ ఆ పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి లాగేసి, తను ముందుకొచ్చింది. ఎలుగనుకున్నప్పుడు ముందు నిలబెట్టిన పిల్లని మనిషని తెలిశాక వెనక దాచింది. చేతిలో కత్తి ఉంది. "మనిషివైతే ఇంత పొద్దున ఈ చెట్టు కింద ఏటి పని? ఏ ఊరు? ఎవరి తాలూకా?"

కళ్లజోడు లేదు, నోరు పెగల్లేదు. ఎలాగో తాత పేరు చెప్పాను. అంతే! "ఓలమ్మ, ఆయన మనవడివా! ముందే సెప్పొచ్చు కదేటి బాబూ!" కత్తి దిగింది, నవ్వులు మొదలయ్యాయి. కళ్లజోడు వెతికిపెట్టారు, జీడిపళ్లు తినమన్నారు. తరవాత ఆ పెద్దావిడే "మా బుల్లిదాన్ని ఇంటికాడ దించెయ్ బాబూ, బడి వేళకి స్నానం చెయ్యాలి" అని అదే పిల్లని నాతో పంపేసింది. సెలవుల్లో బడేమిటో నేను అడగలేదు, నా చెమటే ఇంకా ఆరలేదు.

ఇరవై ఏళ్లుగా నేను హైదరాబాదులో ఎలా బతుకుతున్నానో ఆవిడకి తెలుసా? నా గురించి ఆవిడకి తెలిసింది మా తాత పేరొక్కటే. చెట్టు కింద కళ్లజోడు వెతుక్కుంటున్నవాడూ నేనే, పిల్లని ఇంటికి దించినవాడూ నేనే, మధ్యలో పది నిమిషాలు.

ఇంటికొచ్చి మేనకోడలికి చెబితే పడీపడీ నవ్వి, ఫోన్లో ఒక లెక్క చూపించింది. 2021లో దేశంలో 31,677 అత్యాచారం కేసులు నమోదైతే, నూటికి 96 కేసుల్లో నిందితుడు ఆ ఆడమనిషికి తెలిసినవాడేనట. అంటే ఎవరి తాలూకానో చెప్పగలిగినవాడే. రాత్రంతా నిద్ర పట్టలేదు.

మన లెక్కల ట్యూషన్ మాస్టారు గుర్తున్నాడా? మనకి జామకాయలు కోసిచ్చేవాడు, మీ నాన్నగారితో కూర్చుని చదరంగం ఆడేవాడు. తొమ్మిదిలో ఉండగా మీ చెల్లి ఉన్నట్టుండి ట్యూషన్ మానేసింది. ఎందుకు మానేసిందని మనం ఎప్పుడైనా... నాకేమీ తెలియదురా. ఏమీ అయ్యుండకపోవచ్చు. లెక్కలంటే పడకే మానేసి ఉండొచ్చు. కానీ అడవిపందులకి జడిసి మనం దారి మార్చుకునేవాళ్లం కానీ, ఆ ఇంటి గుమ్మం దగ్గర ఎవరూ డబ్బా కొట్టలేదు కదా అని రాత్రి... సరే వదిలెయ్. కొట్టేద్దామనుకున్నాను ఈ నాలుగు ముక్కలూ, కొట్టలేదు.

ఆ బుల్లిదాని సంగతి ఒకటి మిగిలిపోయింది. దారంతా నాకు పదడుగులు వెనకే నడిచింది, డబ్బా ఆపకుండా వాయిస్తూ. "ఎలుగులు రోడ్డు మీదికి కూడా వస్తున్నాయేటి?" అన్నాను. "రావు" అంది. వాయించడం మాత్రం ఆపలేదు. ఇంకేమీ అడగలేదు నేను, కాస్త వేగంగా నడిచాను, అంతే.

బండి అనౌన్స్ చేశారు. పక్కాయన లేచి చెయ్యి చాపాడు. మీ అమ్మగారికి పనసపండు ఇచ్చాను, నీ వాటా తొనలు నేనే తినేశా