శ్రీనుగాడి కారు ఇన్సూరెన్స్ గొడవ

నిజాంపేట్, హైదరాబాద్

ఒరేయ్ శ్రీనూ,

చెల్లెమ్మ, పిల్లలు కులాసాయేనా? నీ ఉత్తరం చదివి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. కంపెనీవాడు ఫుల్ ఇన్సూరెన్స్ రెన్యువల్ చేయనన్నాడని ఒళ్లు మండి, అసలు ఇన్సూరెన్సే లేకుండా తిప్పుతానంటావా! ముందు ఆ మొండితనం పక్కన పెట్టు.

వాడు కాదన్నది ఓడీకి, అంటే నీ బండికి జరిగే నష్టానికి. అది వాళ్లిష్టం. థర్డ్ పార్టీ, అంటే నీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఉండే ఇన్సూరెన్స్, అలా కాదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అది లేకుండా రోడ్డెక్కకూడదు, అడిగితే కంపెనీ ఇచ్చి తీరాలి. రేటు కూడా సర్కారు కట్టిందే. నీది వెయ్యి సీసీ దాటిన బండి, 1,500 లోపు కాబట్టి 2022లో కట్టిన రేటు ప్రకారం 3,416 రూపాయలు, పైన జీఎస్టీ. లేకుండా దొరికితే మొదటిసారి ఫైన్ 2,000. ఫైన్ సంగతి వదిలెయ్, ఖర్మకాలి ఎవరికైనా తగిలితే పరిహారం కట్టలేక ఇల్లు అమ్ముకోవాలి.

ఎందుకు కాదన్నాడంటావా? బండికి పన్నెండేళ్లు, ఒక్క ఏడాదిలో మూడు క్లెయిములు. అందులో రెండు బంపర్ గీతలే కదరా! చిన్నవాటికి చేతి డబ్బు పెట్టుకోమని మొత్తుకున్నది అందుకే. క్లెయిమ్ లేకపోతే బోనస్, అంటే ఓడీ ప్రీమియంలో తగ్గింపు, 20 శాతంతో మొదలై ఏటేటా పెరిగి 50 దాకా పోతుంది. చాలా కంపెనీలు మొహం మీద కాదనవు. ప్రీమియం పెంచుతాయి, పార్టుల పాతదనానికి కోత లేకుండా డబ్బిచ్చే జీరో డెప్ తీసేస్తాయి, మనమే విసిగి వెళ్లిపోయేలా చేస్తాయి. నన్నడిగితే మొహం మీద చెప్పినవాడే నయం.

గడువు మాత్రం దాటనీయకు. మా కింద ఫ్లాట్ ఆయన పాలసీ గడువు దాటితే, కొత్తది ఇచ్చేముందు బండి ఇన్‌స్పెక్షన్‌కి కంపెనీ నుంచి ఒక కుర్రాడొచ్చాడు. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. బండి చుట్టూ తిరుగుతూ వీడియో తీశాడు. ముందద్దం మీద గోరంత పగులు కనిపిస్తే వేలితో తడిమి మరీ ఫొటో తీసుకున్నాడు. అద్దం మారిస్తేగానీ ఓడీ ఇవ్వమన్నారు. గడువు ముగిసి 90 రోజులు దాటలేదు కాబట్టి పాత బోనస్ అయినా దక్కింది.

మీ తమ్ముడికి కూడా ఓ మాట చెప్పు. వైట్ ప్లేట్ బండిని, అంటే సొంత వాడకానికి రిజిస్టరైనదాన్ని, కిరాయికి తిప్పడం, చెప్పకుండా గ్యాస్ కిట్ పెట్టించడం, ఇవి బయటపడితే రెన్యువల్ మాట దేవుడెరుగు, క్లెయిమే పోతుంది. ప్రీమియం చెక్ బౌన్స్ అయితే పాలసీ లేనట్టే లెక్క. అంతేగానీ నడుస్తున్న పాలసీని బుద్ధి పుట్టినప్పుడు రద్దు చేయడానికి వీల్లేదు. 2024 రూల్స్ ప్రకారం మోసం రుజువు కావాలి, 7 రోజుల ముందు నోటీసివ్వాలి.

ఎందుకు కాదన్నారో రాసిమ్మని అడుగు. ఒకడు కాదన్నాడని అందరూ కాదనరు, ఇంకో రెండు చోట్ల కనుక్కో. పాత క్లెయిములు మాత్రం దాచకు. కంపెనీలన్నిటి లెక్కలూ చేరే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఉన్నది ఇక్కడ హైదరాబాద్‌లోనే. థర్డ్ పార్టీకి కూడా కొర్రీలు పెడితే 155255కి ఫోన్ కొట్టు, అది ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నంబరు. వాళ్ల హెడ్డాఫీసు కూడా ఇక్కడే, నానక్‌రామ్‌గూడలో.

పాలసీ ఈ నెలాఖరుకే అయిపోతోందన్నావుగా. ఈలోగా థర్డ్ పార్టీ అయినా కట్టేసి కాపీ వాట్సాప్‌లో పంపు. దసరాకి హన్మకొండ వస్తున్నాం, అమ్మకి చెప్పు.

నీ
రవి