సెయింట్ ఆల్బన్స్‌ని వదిలేశారేం?

సంపాదకుడు గారికి,

లండన్ చర్చిలపై మీరు వేసిన వ్యాసంలో సెయింట్ పాల్స్, వెస్ట్‌మినిస్టర్ అబ్బీ గురించి అందరికీ తెలిసిన సంగతులే ఉన్నాయి. హోబర్న్‌లోని సెయింట్ ఆల్బన్స్ ఊసే లేదు. ఆర్కిటెక్ట్ బటర్‌ఫీల్డ్ ప్లాన్‌తో నిరుపేదల వాడలో కట్టిన ఆ చర్చిని 1863లో ప్రతిష్ఠించారు.

అక్కడి మొదటి వికార్ (ప్రధాన గురువు) ఫాదర్ మెకనాకీ. రోమ్ నుంచి విడిపోయిన ఇంగ్లండ్ వారి ఆంగ్లికన్ చర్చిలో కాథలిక్ పద్ధతులేంటని ఆయన్ని కోర్టుకీడ్చారు. నేరాలేమిటయ్యా అంటే బలిపీఠం మీద కొవ్వొత్తులు, సాంబ్రాణి ధూపం, ద్రాక్షారసంలో నీళ్లు కలపడం! ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. చివరికి మరణశయ్య మీదున్న ఆర్చిబిషప్ టెయిట్ కోరితే 1882లో తప్పుకున్నారు. 1887 డిసెంబరులో స్కాట్లాండ్ కొండల్లో దారితప్పి మంచులో పోయారు. వెంట వెళ్లిన రెండు కుక్కలు శవం దగ్గరే కాపలా ఉన్నాయి.

నాకు మాత్రం ఫాదర్ స్టాంటన్ మీదే గౌరవం ఎక్కువ. 1862 నుంచి 1913లో పోయేదాకా అక్కడే సహాయ గురువు, అదీ జీతం లేకుండా. ప్రమోషన్ కోసం పైరవీలు చేసే మా తరానికి ఇది నమ్మబుద్ధి కాదు.

1941 బాంబుల్లో చర్చి తగలబడితే తిరిగి కట్టి 1961లో తెరిచారు. బలిపీఠం వెనక గోడ మీది భారీ చిత్రం, నాజీల జర్మనీ నుంచి వచ్చేసిన చిత్రకారుడు ఫైబుష్ వేసింది. వచ్చే ఆదివారమైనా దీనికో అరపేజీ కేటాయించండి.

– ఒక రిటైర్డ్ చరిత్ర మాస్టారు