సీసీ కెమెరా 'దెయ్యాలు': ముందు అద్దం తుడవండి

సంపాదకుల వారికి,

రాత్రిపూట సీసీ కెమెరాకు చిక్కిన 'దెయ్యం' అంటూ మన జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు తిరుగుతుంటాయి. అలాంటిది వస్తే ఫార్వర్డు పక్కనపెట్టి డీవీఆర్‌లోని (కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పెట్టెలోని) అసలు రికార్డింగు అడగాలి. వాట్సాప్ వీడియోను కుదించేస్తుంది. ఆ మసకలో గోడ మీది మరక కూడా ముఖంలా కనబడుతుంది. డీవీఆర్ టైమును ఫోన్ టైముతో సరిచూడాలి, తేడా ఉండటం మామూలే.

చీకటి పడగానే కెమెరా చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు వెలుగుతాయి. చాలా కెమెరాల్లో అది 850 నానోమీటర్ల వెలుగు, కంటికి దాదాపు ఆనదు. లెన్సుకు జానెడు దూరంలో పురుగు ఎగిరినా, సాలీడు దారం ఊగినా ఆ వెలుగు పడి తెల్లగా ఉబ్బి, గుమ్మమంత ఆకారమై కదులుతుంది. అద్దం తుడిచి, బూజు దులిపి మర్నాడు రాత్రి చూడండి. అప్పటికీ వస్తే, అదే చోటును చూసేలా పది అడుగుల అవతల రెండో కెమెరా పెట్టాలి. రెండింట్లోనూ ఒకే క్షణంలో పడితేనే అక్కడ ఏదో ఉన్నట్టు. అది పిల్లి కావచ్చు, ఆ మాట వేరు.

వెలుగు చాలకపోతే షట్టర్ నిదానిస్తుంది, అంటే ఒక్కో బొమ్మకు కెమెరా ఎక్కువసేపు తీసుకుంటుంది; అందుకే నడిచే మనిషి కూడా పొగలా పడతాడు.

చూడకముందే 'అంతా బూటకం' అనేవాళ్లతోనూ చిక్కే. ఇంటివాళ్లు నొచ్చుకుంటే రికార్డింగు చూపరు. డీవీఆర్ నిండగానే పాతది చెరిగిపోతుంది, కాబట్టి ఆ ముక్కను వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి.

- సీసీ కెమెరా మెకానిక్కులు, ఆదోని, కర్నూలు జిల్లా